గ్రీమ్స్‌పేట ఆర్‌ఎక్స్ 100: రంగు మారని బండి, మాట మారని అయ్యవారు

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఒక రిటైర్డ్ అయ్యవారి (స్కూలు మాస్టారి) ఇంట్లో 1991 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100 అమ్మకానికి ఉంది. ఎర్ర రంగు. ఏపీ 03 నంబరు. కొన్నప్పటి నుంచి ఒక్కరి చేతిలోనే ఉంది. అడుగుతున్నది లక్షా ఇరవై వేలు. పోయిన ఆదివారం నేనూ మా మేనల్లుడూ తిరుపతి నుంచి బస్సెక్కి పోయి, పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఆ బండితోనే ఉన్నాం. నడిపి చూశాం, విప్పి చూడదగ్గవన్నీ విప్పి చూశాం. పాత యమహా కొనాలని తిరుగుతున్నవాళ్ళకు పనికొస్తుందని చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. నాది తిరుపతి కొర్లగుంటలో మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లు, మోనోబ్లాకులు, మిక్సీలు, ఫ్యాన్లు చుట్టడం నా పని. బండి మెకానిక్‌ను కాను. కానీ పని నేర్చుకున్న రోజుల్లో మా గురువుగారికి ఆర్‌ఎక్స్ 100 ఉండేది. దామలచెరువు, పాకాల వైపు మామిడి తోటల్లో మోటారు కాలిందని కబురొస్తే, విప్పిన మోటారును వెనక సీటు మీద ట్యూబుతో బిగించి కట్టి, నేను దాని వెనక క్యారియర్ మీద కూర్చుని దాన్ని పట్టుకుంటే, ఆయన తిరుపతి దాకా తోలుకొచ్చేవారు. ఇద్దరు మనుషులు, ఒక మూడు హెచ్‌పీ మోటారు. చంద్రగిరి దగ్గర ఎత్తులో కూడా ఆ బండి గొంతు మారేది కాదు. అందుకే ఆ బండి అంటే నాకు అంత అభిమానం. మా మేనల్లుడు ఆర్‌ఎక్స్ కొంటానన్నప్పుడు పని మానుకుని వెంట పోయింది అందుకే.

దీనికి రెండు వారాల ముందు తిరుపతిలోనే ఒక బండి చూశాం. అద్దంలా మెరుస్తోంది. కొత్త పెయింట్, కొత్త స్టిక్కర్లు, ఫ్రేముకు పౌడర్ కోటింగ్, ఇంజన్ కవర్లకు బఫింగ్. లక్షా అరవై వేలు చెప్పారు. మావాడు అక్కడికక్కడే అడ్వాన్స్ తీయబోయాడు. నేను టార్చి వేసి సీటు కింద చూస్తే ఫ్రేము మీద పాత వెల్డింగ్ గీత పెయింట్ కింద ఉబ్బుగా కనిపించింది. ఇంజన్ నంబరు ఉన్న చోట లోహం చుట్టుపక్కల కన్నా నున్నగా ఉంది. ఎందుకు అట్లుందని అడిగితే సరైన జవాబు రాలేదు. తిరిగి వచ్చేశాం. మెరుపు చూసి మోసపోకూడదని ఆ రోజే మావాడికి చెప్పాను. గ్రీమ్స్‌పేట బండి చూశాక ఆ మాట వాడికి పూర్తిగా అర్థమైంది.

ఎందుకంటే ఈ బండి మెరవదు. ముందు మడ్‌గార్డు క్రోమ్ మీద ఆవగింజంత మచ్చలు అక్కడక్కడా ఉన్నాయి. ట్యాంకు మీద మోకాళ్ళు తగిలే చోట ఎరుపు కాస్త పలచబడింది. సీటు కవరు ఒక మూల కుట్టు వేసి ఉంది. ఫుట్‌రెస్ట్ రబ్బర్ల గీతలు అరిగి నున్నగా అయ్యాయి. మీటరు 41 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. రబ్బర్ల అరుగుదల, కిక్ రాడ్ అరుగుదల, బ్రేక్ పెడల్ అంచు అన్నీ ఆ అంకెకు తగ్గట్టే ఉన్నాయి. మీటరు తిప్పిన బండ్లలో ఈ మూడింటికీ పొంతన కుదరదు.

ఇప్పుడు అసలు విషయం. అయ్యవారు హైస్కూల్లో లెక్కలు, సైన్సు చెప్పినవారు. ఆ రోజుల్లో సర్వీసుకు ఇచ్చిన బండ్లలో అసలు పార్టులు తీసి డూప్లికేట్లు వేస్తారని ఎవరో చెప్పారట. బండి కొన్న నెలలోనే, జామెట్రీ బాక్సులోని వృత్తలేఖిని ములుకుతో ప్రతి ముఖ్యమైన పార్టు మీదా కంటికి ఆనని చోట చిన్న త్రిభుజం గీసుకున్నారు. బియ్యపు గింజ కన్నా చిన్నది. కార్బొరేటర్ అడుగున, ఆయిల్ పంపు కవరు లోపలి వైపు, మీటరు డబ్బా వెనక, రెండు షాకబ్జార్బర్ల కింది కన్నాల దగ్గర, సైలెన్సర్ బ్రాకెట్ మీద, హారన్ వెనక. ఆ జాబితా ఒక రూళ్ళ నోటుబుక్కులో ఎర్ర ఇంకుతో రాసి పెట్టుకున్నారు. మొత్తం పద్నాలుగు.

"ఇదిగో నాయనా, పుస్తకం నీ చేతిలో పెట్టుకో. నేను చెప్పను. నువ్వే వెతుక్కో" అన్నారు.

నేనూ మావాడూ నేల మీద కూర్చుని, టార్చి పట్టుకుని, గుడ్డతో తుడుచుకుంటూ వెతికాం. గంటన్నర పట్టింది. పదమూడు దొరికాయి. పద్నాలుగోది బ్యాటరీ మూత బిగించే క్లిప్పు మీదిది. అది తుప్పు పట్టి 2009లో మార్చారని అదే పుస్తకంలో పక్కన రాసి ఉంది. పాత బండి కొనేటప్పుడు "అన్నీ ఒరిజినల్ పార్టులే సార్" అనే మాట అందరూ చెప్తారు. దాన్ని ఇట్లా చేత్తో తడిమి చూపించిన మనిషిని ఈయన్నే చూశాను.

ఆ త్రిభుజం ఒకసారి నిజంగానే అక్కరకొచ్చింది. 2012లో ఊళ్ళోనే ఒక వర్క్‌షాపులో సర్వీసుకు ఇస్తే బండి వచ్చాక ఐడిలింగ్ నిలవలేదు. పికప్ తగ్గింది. ఆయన టార్చి వేసి చూస్తే కార్బొరేటర్ కింద గుర్తు లేదు. బండితో వచ్చిన మికుని కంపెనీ కార్బొరేటర్ తీసేసి, చూడ్డానికి అట్లాగే ఉండే డూప్లికేట్ బిగించారు. మరునాడు పొద్దున్నే పోయి గొడవ పడకుండా "నా కార్బొరేటర్ కింద త్రిభుజం ఉంటుంది, వెతికి ఇవ్వండి" అని బెంచీ మీద కూర్చున్నారట. సాయంత్రానికి దొరికింది. అప్పటి నుంచి సర్వీసు ఎక్కడ చేయించినా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటారు.

ఈ బండి పుట్టుక గురించి తెలియని కుర్రవాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. 1980ల నడుమ జపాన్ కంపెనీలు మన కంపెనీలతో చేతులు కలిపి 100 సీసీ బండ్లు తెచ్చాయి. 1984లో హోసూరు నుంచి ఇండ్ సుజుకి, 1985లో హీరో హోండా సీడీ 100, ఆ వెంటనే కవాసాకి బజాజ్. ఎస్కార్ట్స్ కంపెనీ యమహాతో కలిసి 1985 చివర్లో ఆర్‌ఎక్స్ 100 మొదలుపెట్టింది. 1996 మార్చి దాకా తయారైంది. పొగ మీద నియమాలు గట్టి పడడంతో దాని కాలం ముగిసింది. హోండా మైలేజీకి పేరు తెచ్చుకుంటే, యమహా పికప్‌కు తెచ్చుకుంది. 98 సీసీ ఇంజన్, 7500 ఆర్‌పీఎం దగ్గర 11 హార్స్‌పవర్, బండి బరువు 103 కిలోలు. నా లెక్కలో చెప్పాలంటే, పది హెచ్‌పీ బోరు మోటారును మా షాపులో ఇద్దరు పట్టి లేపాలి. అంత శక్తిని గుప్పెడంత సిలిండర్ నుంచి రాబట్టారు.

అదెట్లా అని మావాడు అడిగాడు. బావిలో ఫుట్‌వాల్వు ఉంటుంది కదా. నీళ్ళు పైకి పోనిస్తుంది, కిందికి జారనివ్వదు. ఆర్‌ఎక్స్ సిలిండర్ వెనక, కార్బొరేటర్‌కూ ఇంజన్‌కూ నడుమ ఉండే రీడ్ వాల్వు పనీ అదే. పలచటి రేకులు ఉంటాయి. పిస్టన్ పైకి పోయి లోపల ఖాళీ ఏర్పడినప్పుడు రేకులు తెరుచుకుని పెట్రోలు, గాలి లోపలికి వస్తాయి. పిస్టన్ కిందికి దిగి లోపల ఒత్తిడి పెరిగేసరికి రేకులు మూసుకుంటాయి. వచ్చింది వెనక్కి పోదు. అందుకే తక్కువ స్పీడులో కూడా బండి లాగుతుంది, ఎక్కువ స్పీడులోనూ ఊపిరి అందుతుంది. ఫుట్‌వాల్వు లీకైతే మోటారు ఎంత తిరిగినా నీళ్ళు రానట్టే, రేకుల అంచు విరిగితే ఆర్‌ఎక్స్ పికప్ పోతుంది. పాత ఆర్‌ఎక్స్ మందకొడిగా ఉందంటే సిలిండర్‌ను బోరు చేయించే (అరిగిన లోపలి గోడను మళ్ళీ చెక్కించే) ముందు ఆ రేకులు చూపించుకోండి.

ఇక ఆయిల్ పంపు. దీని దగ్గర కొంచెం ఆగాలి. ఆర్‌ఎక్స్‌ది టూ స్ట్రోక్ ఇంజన్. అందులో ఆయిల్ పెట్రోలుతో పాటే కాలిపోతుంది కాబట్టి ఎప్పటికప్పుడు అందుతూ ఉండాలి. పాత బండ్లకు పెట్రోలులోనే కలిపి పోసేవాళ్ళు. యమహా 1964లో ఆటోల్యూబ్ అని ఒక పంపు తెచ్చింది. ఆయిల్‌కు వేరే ట్యాంకు పెట్టి, ఇంజన్ వేగాన్ని బట్టి, యాక్సిలరేటర్ ఎంత తిప్పామన్నదాన్ని బట్టి అవసరమైనంతే ఆయిల్ పంపే ఏర్పాటు. మన దగ్గర ఆర్‌ఎక్స్ కొన్నవాళ్ళలో చాలామంది పంపు మీద నమ్మకం లేక దాన్ని తీసేసి, మళ్ళీ పెట్రోలులోనే ఆయిల్ కలపడం మొదలుపెట్టారు. పంపు ఆగిపోతే పిస్టన్ పట్టేస్తుందన్న భయం వాళ్ళది. భయం తప్పు కాదు. కానీ చేతి లెక్కన కలిపితే ఎక్కువైతే పొగ, తక్కువైతే పిస్టన్‌కే ముప్పు.

ఈ బండికి పంపు అట్లాగే ఉంది, పని చేస్తోంది. ట్యాంకు నుంచి పంపుకు, పంపు నుంచి ఇంజన్‌కు పోయే సన్న పైపులు కొత్తవి. లోపల ఆయిల్ కనిపిస్తోంది. ఎక్కడా గాలి బుడగ లేదు. యాక్సిలరేటర్ తిప్పుతుంటే పంపు చక్రం దానితోపాటు మెల్లగా కదలడం చూసి మావాడు ఫోన్‌లో వీడియో తీసుకున్నాడు. ఆయన ప్రతి నెలా ఒకటో తేదీన ఆయిల్ మట్టం చూసి పుస్తకంలో గీత పెట్టుకుంటారు. ముప్పై ఏళ్ళకు పైగా గీతలు. మూడు పుస్తకాలు నిండాయి.

నా పనికి సంబంధించింది ఒకటి చూడకుండా ఉండలేకపోయాను. ఎడమ వైపు కవరు తీయించి, మాగ్నెట్ చక్రం సందుల్లోంచి టార్చి వేసి కాయిల్ చూశాను. రాగి తీగ మీద వార్నిష్ ముదురు తేనె రంగులో ఉంది. ఎక్కడా నల్లబడలేదు. ఒక్కసారి వేడెక్కి కాలిన కాయిల్‌కు చోట్లు చోట్లుగా మసి పట్టినట్టు నలుపు వస్తుంది. రీవైండింగ్ చేసినదైతే తీగ వరసల్లో మనిషి చెయ్యి కనిపిస్తుంది, చుట్టు చుట్టుకూ కొంచెం తేడా ఉంటుంది. ఇది ఫ్యాక్టరీలో మెషీన్ చుట్టిన వరస. మల్టీమీటర్ పెట్టి చూసినా అనుమానం రాలేదు. తక్కిన పార్టుల విషయంలో నా మాట మీరు నమ్మినా నమ్మకపోయినా, కాయిల్ విషయంలో నమ్మవచ్చు. ముప్పై ఏళ్ళు అవే చూస్తున్నాను.

ఇంజన్ విషయం. ఒకసారి బోరు చేయించారు. 2003లో. పిస్టన్ 0.25 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్, అంటే అసలు సైజు కన్నా అంత పెద్దది. బిల్లు ఉంది. అంటే ఇంకా రెండు మూడు సార్లు బోరు చేయించుకునే వీలుంది. పెట్రోలు ట్యాంకు లోపల టార్చి వేసి చూస్తే మూత దగ్గర కొంచెం గోధుమ రంగు తప్ప తుప్పు పొర లేదు. ఎప్పుడూ సగానికి పైగా నింపి ఉంచుతారట. ఖాళీ ట్యాంకు గోడలకు చెమ్మ పడుతుందని. ఇప్పుడొచ్చే ఇథనాల్ కలిపిన పెట్రోలుతో అది ఇంకా ముఖ్యం. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఆ కాలపు రబ్బరు పైపులు, వాషర్లు ఆ పెట్రోలుకు తట్టుకునేటట్టు చేసినవి కావు. అయ్యవారు పెట్రోలు పైపు, కార్బొరేటర్ వాషర్లు ఈ మధ్యనే మార్చారు. నెలలో నాలుగు రోజులు కూడా బయటికి తీయనివాళ్ళు కార్బొరేటర్‌లో పెట్రోలు నిల్వ ఉంచకూడదు. పెట్రోలు కాక్ మూసి ఇంజన్ దానంతట అదే ఆగేదాకా నడిపి పెట్టాలి. ఆయన అట్లాగే చేస్తున్నారు.

మేం పోయేసరికి ఇంజన్ చల్లగా ఉంది. ఇది గమనించండి. అమ్మేవాళ్ళు చాలామంది మనం వచ్చే అరగంట ముందే బండి వేడి చేసి పెడతారు, స్టార్టింగ్ ట్రబుల్ తెలియకుండా. నేను సిలిండర్ మీద చెయ్యి పెట్టి చూశాను. రాయిలా చల్లగా ఉంది. కాక్ తిప్పి, చోక్ లాగి, మావాణ్ణి కొట్టమన్నాను. మొదటి కిక్కుకు ముక్కింది. రెండో కిక్కుకు అందుకుంది. తెల్లటి పొగ వచ్చింది, రెండు నిమిషాల్లో పలచబడింది, తరవాత నీలంగా సన్నగా ఉండిపోయింది. వేడెక్కాక కూడా పొగ చిక్కగా వస్తుంటే పిస్టన్ రింగులు గానీ ఆయిల్ సీల్ గానీ పోయినట్టు. ఇక్కడ అట్లా లేదు.

కాణిపాకం దాకా పోయి వచ్చాం. అటు పన్నెండు కిలోమీటర్లు ఉంటుందేమో. పోయేటప్పుడు నేను నడిపాను. క్లచ్ తేలిక. మొదటి గేరులో పట్టు వదిలీ వదలకముందే బండి ముందుకు పోయింది. రెండు, మూడు గేర్లలో ఒక దశ వస్తుంది. అప్పటిదాకా గొణుగుతున్న శబ్దం ఒక్కసారిగా గొంతు విప్పుతుంది, చేతుల్లో హ్యాండిల్ తేలికైపోతుంది. ఆ క్షణం కోసమే కదా ఈ బండి కొనేది. 60 దగ్గర నాలుగో గేరులో ఏ వణుకూ లేదు. 70 దాటించలేదు. అసలు సైలెన్సర్, లోపల మోతను తగ్గించే బ్యాఫిల్ పైపుతో సహా ఉంది కాబట్టి శబ్దం చెవిని పొడవదు. పక్కన పోయే ఆవు బెదరలేదు. ఆర్‌ఎక్స్ అసలు శబ్దం ఇది. ఈ కాలంలో వీధుల్లో వినిపించే చెవులు చిల్లులు పడే మోత ఆర్‌ఎక్స్‌ది కాదు, దానికి తగిలించిన గొట్టాలది.

లోపాలు చెప్పకపోతే రివ్యూ కాదు. బ్రేకులు. ముందు వెనక రెండూ డ్రమ్ములే, చిన్నవి. ఇప్పటి డిస్క్ బ్రేకులకు అలవాటు పడ్డ చెయ్యి ఈ బండి ఎక్కితే మొదటి రోజు భయపడుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు మావాడు నడిపాడు. ఇరాల రోడ్డు మలుపులో ఎదురుగా ట్రాక్టర్ వస్తే వాడు అనుకున్న చోట ఆగలేదు, రెండు గజాలు ముందుకు పోయి ఆగాడు. వెనక కూర్చున్న నాకు ప్రాణం ఎగిరిపోయింది. లైనర్లు బాగానే ఉన్నాయి, బండి తీరే అంత. ముందు బ్రేకు, వెనక బ్రేకు కలిపి ముందుగానే పట్టాలి. హెడ్‌లైటు చీకట్లో హైవేకి చాలదు. టైర్లు పూర్తిగా మార్చాలి. టైరు మీది గాడుల లోతు బాగానే కనిపిస్తుంది కానీ పక్కన అచ్చు వేసిన నాలుగు అంకెలు చూస్తే 2314 అని ఉంది. అంటే 2014లో 23వ వారంలో తయారైనవి. పక్క గోడల మీద సన్న పగుళ్ళు. గాడులు ఎంత లోతుగా ఉన్నా అంత పాత రబ్బరును నమ్మకూడదు. సీటు ఫోమ్ గట్టిపడింది. మైలేజీ నలభై అని అయ్యవారే చెప్పారు, ఎక్కువ చెప్పలేదు.

కాగితాల దగ్గర ఒక చిక్కు ఉంది. 1991లో ఆయన బండిని ఒక ఫైనాన్స్‌లో అప్పు మీద తీసుకున్నారు. 1994కల్లా కంతులన్నీ కట్టేశారు. చివరి రసీదు భద్రంగా ఉంది. కానీ ఆర్‌సీ మీద ఆ హెచ్‌పీ (హైర్ పర్చేజ్, అంటే బండి మీద అప్పు ఉందన్న) మాట తీయించలేదు. తీయించాలంటే ఫారం 35 మీద ఫైనాన్స్‌వాళ్ళ సంతకం కావాలి, ఆ ఫైనాన్స్ మూతపడి చాలా ఏళ్ళయింది. ఈ ముక్క మాకు ఆయనే ముందు చెప్పారు, మేం అడక్కముందే. అది తీయించేదాకా రూపాయి అడ్వాన్స్ కూడా తీసుకోనన్నారు. ఇప్పుడు ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు. పాత బండి కొనే ఎవరైనా ఆర్‌సీ వెనక వైపు తప్పకుండా చదవండి. బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు అయిపోయాక ఈ చిక్కు బయటపడితే టెన్షన్ అంతా కొన్నవాడిదే.

ఇంకొకటి. దీన్ని అందరూ వింటేజ్ బండి అంటున్నారు. మాటకు సరే. చట్టం లెక్కలో మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటినవే వింటేజ్. కాబట్టి దీనికి మామూలు నియమాలే వర్తిస్తాయి. 15 ఏళ్ళ తరవాత ప్రతి అయిదేళ్ళకూ రెన్యువల్. ఈ బండికి 2006, 2011, 2016, 2021లో వరసగా చేయించారు, ఎక్కడా ఎగ్గొట్టలేదు. తరవాతిది 2026 నవంబరులో. 20 ఏళ్ళు దాటిన బైకులకు రెన్యువల్ ఫీజును 2025లో రెండు వేలు చేశారు. పాత బండ్ల మీద వేసే గ్రీన్ టాక్స్ వేరే. కొనేవాళ్ళు ఈ ఖర్చు కూడా లెక్కలో పెట్టుకోవాలి. టైర్లు, సీటు, రెన్యువల్ కలిపితే ఇంకో పది పన్నెండు వేలు నా అంచనా.

ధర విషయానికొస్తే, లక్షా ఇరవై వేలు ఎక్కువ కాదని నా అభిప్రాయం. తిరుపతిలో చూసిన మెరుపు బండి కన్నా నలభై వేలు తక్కువ. దాంట్లో ఏది అసలు ఏది నకలు అని చెప్పే దారి లేదు, దీంట్లో ప్రతి దానికీ గుర్తు ఉంది. పెయింట్ పోతే మళ్ళీ వేయించుకోవచ్చు. యమహా ఫ్యాక్టరీలో వేసిన పెయింట్ ఒకసారి గీకేస్తే మళ్ళీ రాదు. అందుకే ఈ బండి కొనేవాళ్ళు దయచేసి రంగు వేయించకండి, క్రోమ్ మార్చకండి. ఆ మచ్చలు ఉండనివ్వండి.

బేరం దగ్గర జరిగింది కూడా చెప్పాలి. అయ్యవారు మావాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, "కొని ఏం చేస్తావు నాయనా?" అని అడిగారు. మావాడు అబద్ధం చెప్పలేదు. సైలెన్సర్ మారుస్తాను, అలాయ్ వీల్స్ వేస్తాను అన్నాడు.

"అట్లయితే వద్దులే నాయనా" అన్నారు. కోపంగా కాదు, మెల్లగానే. "ఆ సైలెన్సర్ పీకి మోత మోగిస్తే వీధిలోవాళ్ళు నిన్ను తిట్టుకుంటారు. అది నన్ను తిట్టినట్టే. ఇంకేదన్నా బండి చూసుకో."

తరవాత ఆయన లోపలికి పోయి బండితో వచ్చిన పుస్తకం తెచ్చారు. దాని మీద యమహా గుర్తు చూపించి, అందులో ఉన్న ఈ మూడు కడ్డీలూ ఏంటో తెలుసా అని వాణ్ణి అడిగారు. వాడికి తెలియదు. నాకూ అప్పటిదాకా తెలియదు. శ్రుతిదండాలు (ట్యూనింగ్ ఫోర్కులు). యమహా మొదట హార్మోనియంలాంటి రీడ్ ఆర్గన్లు, పియానోలు చేసిన కంపెనీ. 1955లో బైకుల కోసం వేరే కంపెనీ పెట్టినా ఆ గుర్తు వదల్లేదు. సైన్సు క్లాసులో ధ్వని పాఠం చెప్పేటప్పుడు పిల్లల్ని బయటికి తీసుకొచ్చి ఈ బండి ఇంజన్ శబ్దం వినిపించేవారట, వేగం పెరిగితే స్థాయి ఎట్లా పెరుగుతుందో చెవితో తెలుసుకోవాలని. "శ్రుతి కుదిర్చి పంపించినారు. దాన్ని నువ్వు చెడగొట్టొద్దు, అంతే నేను అడిగేది" అన్నారు.

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. బస్టాండుకు బయల్దేరే ముందు ఆయన దగ్గరికి పోయి, "సైలెన్సర్ ముట్టుకోను సార్. చక్రాలు కూడా" అన్నాడు. ఆయన తల ఊపారు. మాట తీసుకున్నారో లేదో తెలియలేదు. ఆ హెచ్‌పీ పని అయ్యాక ఫోన్ చేస్తానని వాడి నంబరు నోటుబుక్కులో రాసుకున్నారు. పుస్తకం మూసే ముందు చూశాను, మావాడి నంబరుకు పైన ఇంకో నాలుగు నంబర్లు ఉన్నాయి. అందులో మూడింటికి కొట్టివేత గీతలు.

కాబట్టి బండి ఇంకా అమ్మకానికే ఉంది. చూడాలనుకునేవాళ్ళు పొద్దున పది లోపల పోండి, ఎండ ఎక్కితే ఆయన బయట కూర్చోలేరు. బేరం ఆడి అయిదు వేలు తగ్గించవచ్చేమో, అంతకన్నా తగ్గరు. ఏం చేస్తావు అని అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మావాడు వెనక్కి తగ్గితే డబ్బు నేను కడతానని ఆయనకు చెప్పి వచ్చాను.